కుల్సుంబీ సాక్ష్యం

ఆదోనిలో గానుగల సందు అంటే ఇప్పటివాళ్ళకు తెలియకపోవచ్చు గానీ, ఆ రోజుల్లో నీళ్ళోసుకున్న ఆడమనిషి ఉన్న ప్రతి ఇంటికీ ఆ సందు తెలుసు. సందు చివరి ఇంట్లో కుల్సుంబీ ఉండేది. మంత్రసాని. పత్తి మిల్లులో బేళ్ళు మోసే మొగుడు నడుము విరిగి చిన్నవయసులోనే పోతే, అత్త దగ్గర నేర్చుకున్న పని ఆమెకు ఆధారమైంది. ఎక్కడ కాన్పు అంటే అక్కడికి పోయేది. సాయిబుల ఇళ్ళా, రైతుల ఇళ్ళా అని చూసేది కాదు. ఆలూరు దారిలో ఎడ్లబండి మీద, నందవరం వైపు బస్సులో, ఏదీ దొరక్కపోతే నడిచి. ఆకువక్క నములుతూ వాకిట్లో అడుగు పెట్టిందంటే ముందు ఆ ఇంటి మొగుడికి నాలుగు తిట్లు పడేవి. ఎందుకు తిడుతున్నదో వాళ్ళకు తెలిసేది కాదు, అయినా పడేవాళ్ళు.

పిల్లల్ని బయటికి తీయడం ఆమె పనిలో సగమే. రెండో సగం గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. కడుపు పోయినప్పుడు కూడా కుల్సుంబీనే పిలిచేవాళ్ళు. ఆ సందులో ఒక కట్టుబాటు ఉండేది. పోయినదానికి మనిషి ఆకారం వచ్చి ఉంటే పేరు పెట్టి, తెల్లగుడ్డ చుట్టి, ఖబ్రస్తాన్‌లో చిన్న గుంత తవ్వి పూడ్చాలి. ఆకారం రాకపోతే పెరట్లో మట్టి కప్పితే చాలు. అది ఏదో తేల్చి చెప్పాల్సింది మంత్రసాని. ఆమె దగ్గర తెల్లటి పింగాణీ బేసిను ఒకటి ఉండేది. అందులో శుభ్రమైన నీళ్ళు పోసి, వచ్చినదాన్ని మెల్లగా నీళ్ళలోకి వదిలేది. నెత్తురు విడిపోయి పక్కకు పోయేది. చేతులుంటే విచ్చుకునేవి. లేకపోతే లేవు. నీళ్ళలో వేయకుండా చూసినవాళ్ళు ఏదైనా చెప్పొచ్చు, వేసి చూశాక మాత్రం ఒక్కటే చెప్పగలరు. మసీదు బాగోగులు చూసే ముతవల్లీ గఫూర్ సాబ్ అరుగు మీద కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగేవాడు.

"చేతులుండాయా కుల్సుంబీ?"

ఉన్నాయంటే లేచి గుంత తవ్వించడానికి పోయేవాడు. లేవంటే ఇంటికి పోయేవాడు. ఆమె మాట మీద ఇంకొకరిని అడగడం ఎన్నడూ జరగలేదు. చదువు లేని మనిషి, నలుగురిలో కూర్చోబెట్టి మర్యాద చేసేంత ఇల్లూ కాదు. ఆమెకంటూ ఉన్న గౌరవమంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

డెబ్బై తొమ్మిదిలో నందవరం దగ్గర ఒక కాన్పు చేసి వస్తూ, ఆ ఇంటి పెద్దావిడ దేవక్కతో కలిసి ఎమ్మిగనూరు జాతర చూడ్డానికి దిగింది. అంతకు ముందు ఏడే ఏదో దేశంలో గాజు గొట్టంలో బిడ్డ మొలిచిందని పేపర్లలో వచ్చింది. జాతరలో ఒక పురాణాయన మైకు పట్టుకుని, ఇదేం గొప్ప, మన ఋషులు కుండల్లోనే పిల్లల్ని పెంచారు, ఆ విద్య మన పుస్తకాల్లోంచే వాళ్ళు ఎత్తుకుపోయారు అని గంటసేపు చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. దేవక్క కుల్సుంబీ చెవిలో అన్నది.

"కుండల్లో పెరిగేటట్లుంటే నిన్నెందుకు పిలుస్తాము బీ? కుమ్మరాయన్నే పిలుచుకుంటాము కదా."

ఆదోనికి వచ్చి కుల్సుంబీ ఈ మాట పక్కింటి అబ్బాస్ అలీకి చెప్పింది. అబ్బాస్ అలీ ఆమె చేతుల మీద పుట్టినవాడే. కర్నూల్లో చదువుకొని, ఒక బడిలో సైన్సు పంతులయ్యాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"వీళ్ళకదే అలవాటు ఖాలా. ఎవడో యాడనో కండ్లు పోగొట్టుకొని ఒకటి కనిపెడతాడు. కనిపెట్టినంక వీళ్ళు, అది మాకు ముందే తెలుసు అంటారు. అంత తెలిసినోళ్ళు ముందే ఎందుకు సెప్పలేదో ఎవురూ అడగరు."

ఆ మాట ఎంత చక్కగా అన్నాడో, నాలుగేళ్ళకు అంత చక్కగా మరిచిపోయాడు.

అతను చెడ్డవాడని చెప్పడం లేదు. సాయంత్రాలు సందులో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఊరికే లెక్కలు చెప్పేవాడు. ఎవరి అర్జీ అయినా రాసిపెట్టేవాడు. ఎనభై మూడులో సెలవులకు పెద్ద ఊరికి పోయి, ఏవో సభలు విని, సంచీ నిండా పుస్తకాలతో వచ్చాడు. ఆ తర్వాత అతని మాట తీరు మారింది. ఏ సైన్సు సంగతి ఎత్తినా, అది మన కితాబులో ముందే ఉందనేవాడు. మూడు నెలలు కూర్చుని తనే ఇరవై నాలుగు పేజీల చిన్న పుస్తకం రాశాడు. కడుపులో బిడ్డ ఎట్లా పెరుగుతుందో దినాల లెక్కతో ఒక పట్టిక వేశాడు. కితాబుకు అర్థాలు చెప్పిన పెద్దలు ఎప్పుడో అన్న మాటలకు తన లెక్క జోడించి, ఇది నేటి డాక్టర్లు చెప్పేదానికి వెంట్రుకవాసి తేడా లేదన్నాడు. నూట ఇరవై దినాల దాకా వట్టి మాంసం ముద్ద, ఆ తర్వాతే చేతులూ కాళ్ళూ అని ఆ పట్టిక.

పుస్తకం అచ్చుకు పోయే ముందు కుల్సుంబీ ఇంటికి వచ్చి చదివి వినిపించాడు. నలభై ఏళ్ళ అనుభవమున్న మంత్రసాని కూడా ఇదే చూసిందని ఒక కాగితం రాసుకొచ్చాడు. వేలిముద్ర వేయమన్నాడు.

కుల్సుంబీ మొత్తం విన్నది. అయిదు పూటలా నమాజు తప్పని మనిషి. అర్థం తెలియకపోయినా చిన్నప్పుడు నేర్చినవన్నీ తప్పు లేకుండా పలికేది. కితాబు మీద ఆమెకు ఏ పేచీ లేదు. పేచీ పట్టిక మీద.

"మూడు నెలలకే వేళ్ళుంటాయి బేటా. మూడు నెల్లు నిండకముందే నేను సూసినాను."

"అట్ల కనపడి ఉంటాది ఖాలా."

"కనపడినాయా, కలగంటినా? నీళ్ళలో ఏసి సూసినా. ఒకటి కాదు, యాభై సూసింటా."

"దినాల లెక్క తప్పి ఉంటాది నీది. ఆడోళ్ళు సరిగా సెప్పరు."

ఆ మాటకు ఆమెకు ఒళ్ళు మండింది. ఆడవాళ్ళు ఏ పండక్కి ముందు, ఏ ఉరుసుకు తర్వాత చివరిసారి తలకు పోసుకున్నారో గుర్తుపెట్టుకుని చెప్పేవాళ్ళు. ఆ లెక్కతో ఆమె కాన్పు వారం చెబితే అదే వారం అయ్యేది. కాగితం వెనక్కి తోసేసింది.

"నీ డాక్టర్లను పిలుచుకొనిరా, ఈ బేసిను సూపిస్తా. వాళ్ళు సెప్పేది ఇదేనో కాదో ఆళ్ళ నోటితోనే విందాము. కితాబును మా అమ్మ నమ్మింది, నేను నమ్మినాను. దానికి నా వేలిముద్ర కావాలని నాకెప్పుడూ తోసలే. నీకెందుకు తోస్తాండాది?"

అబ్బాస్ అలీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. మంత్రసాని కాదన్నంత మాత్రాన పుస్తకం ఆగుతుందా? వేలిముద్ర లేకుండానే అచ్చయింది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో శుక్రవారం నాడు మసీదుల ముందు ఊరికే పంచారు. చదువుకున్న పిల్లలు చేతిలో పట్టుకుని తిరిగారు. ఆ ఏడే అబ్బాస్ అలీ మసీదు కమిటీకి సెక్రటరీ అయ్యాడు. పట్టిక ఉన్న పేజీని పెద్ద అక్షరాలతో రాయించి ఖబ్రస్తాన్ గేటు పక్క గోడకు అంటించాడు. అప్పటి నుంచి గఫూర్ సాబ్ ప్రశ్న మారింది.

"ఎన్ని దినాలు కుల్సుంబీ?"

కొత్త ప్రశ్న అడిగేటప్పుడు ఆయన ఆమె ముఖం చూసేవాడు కాదు. నూట ఇరవైకి ఒకటి తక్కువైనా గుంత లేదు. మొదటి ఏడు అట్లా రెండు పెరట్లో మట్టి కిందికి పోయాయి. రెండింటికీ చేతులున్నాయి. కుల్సుంబీ ఆ మాట చెప్పింది కూడా. పట్టికలో లేని చేతులను కమిటీ లెక్కలోకి తీసుకోలేదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో అబ్బాస్ అలీ భార్య వహీదా బీకి కడుపు పోయింది. పెళ్ళయిన అయిదేళ్ళకు నిలిచిన మొదటి కడుపు. మధ్యాహ్నం నీళ్ళ బిందె దించుతుంటే నొప్పి మొదలైంది, రిక్షా వచ్చేలోపే అయిపోయింది. కుల్సుంబీ చేయాల్సినదంతా చేసి, వహీదాకు ప్రమాదం లేదని తేలాక, బేసినులో నీళ్ళు పోసింది. వహీదా చూస్తానన్నది. వద్దన్నా వినలేదు. మోచేతి మీద లేచి చాలాసేపు చూసింది. వేలు పెట్టకుండా, పెదవులతో లెక్కబెట్టింది. అయిదు, మళ్ళీ అయిదు.

ఉరుసయిన మూడోనాడు తలకు పోసుకున్నానని వహీదా ఎప్పుడో చెప్పింది. లెక్క చూస్తే నూరు దినాలు. పైన ఒకటో రెండో. ఆ లెక్క ఆ ఇద్దరికే తెలుసు. మొగుడు తేదీలు పట్టించుకున్న మనిషి కాదు. లోకంలో బిడ్డలందరికీ దినాలు లెక్కగట్టాడు గానీ, సొంత ఇంట్లో లెక్క ఎప్పుడు మొదలైందో అతనికి తెలియదు.

వహీదా కుల్సుంబీ చెయ్యి పట్టుకుంది.

"నాలుగు నెల్లు నిండినాయని సెప్పు ఖాలా. పెరట్లో పెట్టనీయొద్దు. నేను రోజూ ఆడనే బట్టలు ఉతకాల."

బయట అరుగు మీద గఫూర్ సాబ్ వచ్చి కూర్చున్న చప్పుడు వినిపిస్తోంది. నూరు అంటే అది నిజం, బిడ్డ పెరట్లోకి పోతుంది. నూట ఇరవై దాటిందంటే అబద్ధం, బిడ్డకు పేరూ చోటూ దొరుకుతాయి. నలభై ఏళ్ళలో ఆ అరుగు మీద ఆమె ఒక్క అబద్ధం ఆడలేదు. ఆమెకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. చేతులున్న బిడ్డకు చేతులున్నాయని చెబితే సరిపోయే రోజులు ఎందుకు లేకుండా పోయాయి అనుకుంది. బేసిను మీద గుడ్డ కప్పి బయటికి వచ్చింది.

"ఎన్ని దినాలు కుల్సుంబీ?"

"నూటిరవై దాటినాయి."

గఫూర్ సాబ్ లేచి వెళ్ళాడు. అబ్బాస్ అలీ గోడకు ఆనుకుని నిలబడి ముఖం మీద తువ్వాలు కప్పుకున్నాడు. సాయంత్రానికి ఖబ్రస్తాన్‌లో వేపచెట్ల వరుసకు ఇవతల చిన్న గుంత తవ్వారు. నూర్ అని పేరు పెట్టింది వహీదా. ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా పనికొచ్చే పేరు.

అంతటితో ఆ మాట అక్కడే ఆగిపోయి ఉంటే బాగుండేది. మరుసటి ఏడు అబ్బాస్ అలీ పుస్తకం రెండోసారి వేయించాడు. చివర ఒక పేజీ కలిపాడు. అచ్చు కాగితాల వాసన ఇంకా పోని ప్రతి తీసుకుని కుల్సుంబీ ఇంటికి వచ్చి, కిందనే కూర్చుని చదివాడు. మా ఇంట్లోనే ఈ మధ్య ఒక బిడ్డ పోయింది, నూట ఇరవై దినాలు దాటాయి, చేతులూ కాళ్ళూ ఏర్పడ్డాయి, నలభై ఏళ్ళ అనుభవమున్న మంత్రసాని కుల్సుంబీ తన కళ్ళతో చూసి చెప్పింది, పట్టికలో ఉన్నది అక్షరాలా నిజమని దేవుడు మా ఇంట్లోనే చూపించాడు అని రాశాడు. బిడ్డ పోయిన తండ్రి, ఆ పోవడానికి ఒక అర్థం వెతుక్కున్నాడు. అది దొరికిందనుకున్నాడు.

కుల్సుంబీ వింటూ కూర్చుంది. గోడ అవతల వహీదా గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. కుల్సుంబీ నోరు తెరిస్తే నూర్ గుంత ఏమవుతుందో ఆ ఇద్దరికీ తెలుసు. నోరు తెరవలేదు. అప్పుడే చెప్పాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆ రోజు మాత్రం, "బాగుండాదిలే బేటా, పో," అని పంపించేసింది.

ఎనభై ఆరు వానాకాలంలో జట్కా తోలే చోటే సాబ్ ఇంటి నుంచి కబురొచ్చింది. అతని భార్య అజీమున్నీసా వేరుశనక్కాయల మిల్లులో కూలికి పోయేది. మూడు నెలల కడుపు, పని దగ్గరే మొదలైంది. కుల్సుంబీ పోయేసరికి అయిపోయింది. బేసినులో నీళ్ళు పోసింది. తొంభై ఆరు దినాలు. చేతులున్నాయి, వేళ్ళున్నాయి. అజీమున్నీసాకు ఇద్దరు పిల్లలున్నారు, ఈ మూడోదాని కోసం గట్టిగా ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"దీన్ని యాడ పెడతారు బీ?"

చోటే సాబ్ ఇంటికి పెరడు లేదు. వెనక గోడకు ఆనుకుని మురుగు కాలవ. గఫూర్ సాబ్, అబ్బాస్ అలీ వాకిట్లో నిలబడి ఉన్నారు. ఎన్ని దినాలని గఫూర్ సాబ్ అడిగాడు. తొంభై ఆరు అన్నది కుల్సుంబీ. ఆయన నిట్టూర్చి తల అడ్డంగా ఊపాడు.

"సేతులుండాయి గఫూర్ భాయ్. అయిదు వేళ్ళూ ఉండాయి. లోపలికొచ్చి సూడు."

గఫూర్ సాబ్ రాలేదు. మొగవాళ్ళు రారు. అబ్బాస్ అలీ ముందుకు వచ్చి మెత్తగానే మాట్లాడాడు. జేబులోంచి పుస్తకం తీసి చివరి పేజీ తిప్పాడు.

"ఖాలా, నువ్వే కదా సెప్పినావు. నూటిరవై దాటినంకనే సేతులని. నీ పేరు ఈడ అచ్చయి ఉండాది. ఇప్పుడు తొంభై ఆరుకే అంటే ఎట్ల? అప్పుడు సెప్పింది నిజమా, ఇప్పుడు సెప్పేది నిజమా?"

చోటే సాబ్ ఆమె వైపు చూశాడు. తప్పు ఆమెదే అన్నట్టు చూశాడు. అది కొంత నిజం కూడా. కుల్సుంబీకి వహీదా గుర్తొచ్చింది, వేపచెట్ల ఇవతల గుంత గుర్తొచ్చింది. లోపల చాప మీద అజీమున్నీసా వింటోంది.

"ఇప్పుడు సెప్పేది నిజం," అన్నది కుల్సుంబీ. "అప్పుడు అబద్ధం ఆడినా. నీ బిడ్డకు నూరు దినాలే అబ్బాస్. నూటిరవై కాదు. సేతులున్నింది నిజం, దినాలు అబద్ధం. మీ ఇంటామెను అడుగు, వేళ్ళు లెక్కబెట్టింది ఆమె."

అబ్బాస్ అలీ పుస్తకం వేళ్ళ మధ్య పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అతను సైన్సు పంతులు. కళ్ళతో చూసిన ఒక్క సంగతితో పడిపోయే లెక్క ఏదో, పడనిది ఏదో అతనికి తెలుసు.

"అయితే నూర్‌ను..."

ఆ మాటను గఫూర్ సాబ్ పూర్తి చేశాడు.

"నూర్ యాడుండాదో ఆడనే ఉంటాది. తీసేదెవురు?" అని, చోటే సాబ్ భుజం మీద చెయ్యి వేశాడు. "పద, పార తీసుకొని రా. దాని పక్కనే తవ్వుదాము."

ఆ సాయంత్రం గోడ మీది కాగితాన్ని గఫూర్ సాబే గోకి తీసేశాడు. గోరు విరిగిందని ఇంటికొచ్చి భార్యను తిట్టాడట. మళ్ళీ ఆయన పాత ప్రశ్నే అడగడం మొదలుపెట్టాడు. అబ్బాస్ అలీ ఏడాది పాటు కుల్సుంబీతో మాట్లాడలేదు. వహీదా మాత్రం గోడ మీదుగా ఏ కూర వండినా గిన్నె అందించేది. ఇంట్లో మిగిలిన ప్రతులన్నిట్లో అబ్బాస్ అలీ చివరి పేజీ తనే కూర్చుని చింపేశాడు. పట్టిక ఉన్న పేజీ మాత్రం చింపలేదు. అంతవరకే అతని చేత అయింది. అతన్ని తప్పుపట్టడం తేలికే గానీ, అచ్చయిన పుస్తకంలోంచి తన చేత్తో ఒక పేజీ చింపిన మనుషులను మనం ఎంతమందిని చూశాం?

అప్పటికే కొన్ని వందల ప్రతులు ఊళ్ళు దాటిపోయాయి. ఎమ్మిగనూరులో ఎవరో మూడోసారి వేయించారు, చివరి పేజీతో సహా. రచయితను అడగలేదు. ఎనభై ఏడు నుంచి, కళ్ళు కనిపించక ఆమె పని మానుకునే దాకా, ఆ పుస్తకం పట్టుకుని అప్పుడప్పుడు మనుషులు వచ్చేవాళ్ళు. ఎమ్మిగనూరు నుంచి, కోడుమూరు నుంచి, ఒకసారి రాయచూరు నుంచి కూడా. చదువుకున్నవాళ్ళు, మర్యాదగా చెప్పులు బయట విడిచేవాళ్ళు. పుస్తకంలో సాక్ష్యం చెప్పిన కుల్సుంబీ నువ్వేనా అమ్మా అని అడిగేవాళ్ళు.

"నేనే. కూర్చోండి," అనేది. "నలభై ఏండ్లు ఈ వాకిండ్ల ముందర నిజం సెప్పినా నాయనా, ఒక్కటీ ఎవురూ రాసుకోలే. ఒక్క అబద్ధం సెప్పినా, దాన్ని అచ్చేసుకున్నారు. మీ సేతిలో ఉండేది అదే."

వాళ్ళలో కొందరు చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. కూర్చున్నవాళ్ళకు ఆమె టీ పెట్టేది.